రాజధాని దాటి నాలుగు రోజులు రండి

విదేశాలలో ఉద్యోగాలు చేసికొంటున్న మన పిల్లలు రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి సెలవు మీద వస్తారు. శంషాబాదులో విమానం దిగుతారు. హైదరాబాదులో బంధువుల ఇంట వారం రోజులు, బజారు పనికి రెండు రోజులు, పెండ్లికో గృహప్రవేశానికో ఒక రోజు పోగా, సొంత ఊరికి మిగిలేది ఒక్క పగలు. కారు తాతయ్యగారి గుమ్మం ముందు ఆగుతుంది. భోజనాలవుతాయి. అందరూ కలిసి ఫోటో దిగుతారు. పొద్దు వాలక ముందే కారు మళ్ళీ హైవే ఎక్కుతుంది. ఆ మనుమడు పెద్దవాడయ్యాక "మీది ఏ ఊరు బాబూ?" అని ఎవరైనా అడిగితే ఏమి చెప్పగలడు? ఆ ఊరిలో ఏమి పండుతుందో, ఏ నీరు త్రాగుతారో, ఎందుకు తన తండ్రి ఆ ఊరు విడిచి వెళ్ళాడో వానికి తెలియదు.

మేము ఇరవై రెండు సంవత్సరాలు ఒమాన్ దేశపు రాజధాని మస్కట్‌లో పనిచేసి, తిరిగి వచ్చి రావులపాలెంలో స్థిరపడిన దంపతులము. ఉభయ గోదావరి జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు ఎందరో ఈ పత్రిక చదివే కుటుంబాలలో ఉన్నారు గనుక, మాకు తెలిసిన నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పరాయి దేశంలో చాలాకాలం ఉన్నవారికి ఒక సంగతి తెలుస్తుంది. రాజధానిలో రోడ్లు, కార్యాలయాలు, దుకాణాలు కనబడతాయి; దేశం అంతగా కనబడదు. సెలవు దొరికినప్పుడు మేము మస్కట్ నుండి సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న నిజ్వా వెళ్ళేవారము. అక్కడ ఖర్జూరపు తోటలలో ఫలజ్ అనే కాలువలు పారుతుంటాయి. భూగర్భపు నీటిని, ఊటల నీటిని వాలుగా నడిపించి, ఇంటింటికీ, తోటతోటకూ కాల ప్రమాణం చొప్పున వంతులు వేసి పంచుకొనే పాత ఏర్పాటు అది. 2006లో అటువంటి అయిదు ఫలజ్‌లను యునెస్కోవారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఎడారిలో ఆ నీటి వంతులు చూచినప్పుడు మన కాలువలు, మన లాకులు గుర్తుకు వచ్చేవి. ఒక ప్రాంతాన్ని తెలిసికొనాలంటే దాని నీరు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతున్నదో దాని వెంట నడవాలని మేము అక్కడ నేర్చుకొన్నాము. ఇప్పుడు మా ఇంటికి వచ్చే అతిథులకు చెప్పేది కూడా ఇదే.

ఎలా రావాలి?

రావులపాలెానికి రైలు లేదు. హైదరాబాదు నుండి గౌతమి ఎక్స్‌ప్రెస్ వంటి రాత్రి రైలు ఎక్కితే తెల్లవారుజామున రాజమహేంద్రవరంలో దిగవచ్చును. అక్కడి నుండి బస్సులో 30–35 కిలోమీటర్లు. పిల్లలు ఉన్నవారు కారులో రాత్రంతా ప్రయాణం చేయడం కంటె ఇది క్షేమము, చవక కూడా. బస్సులో కిటికీ ప్రక్క సీటు పిల్లలకివ్వండి. జొన్నాడ దాటగానే గౌతమి వంతెన వస్తుంది. అది దాటితే రావులపాలెం. ఇంకా ముందుకు పోతే గోపాలపురం, సిద్ధాంతం మధ్య వశిష్ఠ వంతెన. రెండు గోదావరి పాయల మధ్య ఈ ఊరు ఎలా ఉన్నదో ఆ రెండు వంతెనలే పిల్లలకు చెబుతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారిన తరువాత మా ఊరు కోనసీమ జిల్లాలోనికి వచ్చింది. కోనసీమకు ముఖద్వారమని పూర్వం నుండి పేరు.

ఎప్పుడు రావాలి?

నవంబరు చివర నుండి ఫిబ్రవరి వరకు మంచి కాలము. సార్వా కోతలు, తరువాత దాళ్వా నాట్లు, మంచు పట్టిన కాలువ గట్లు అన్నీ చూడవచ్చును. వేసవిలో మరమ్మతుల కోసం కొన్ని వారాలు కాలువలు కట్టివేస్తారు; అప్పుడు వచ్చినవారికి అడుగున బురద కనబడుతుంది. జూలై నుండి సెప్టెంబరు వరకు వరదల కాలము. పులస చేప దొరికేది అప్పుడే గాని, లంక గ్రామాలకు పిల్లలతో వెళ్ళవద్దు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వరద వచ్చింది. 2022 జూలైలో కూడా 25 లక్షలు దాటి లంకలు మునిగాయి. ఏటిగట్టు మీద నిలబడి చూచేవారికి అది వేడుక కావచ్చును. లంకలో ఇల్లు ఉన్నవారికి కాదు.

మొదటి రోజు: నీరు విడిపోయే చోటు

రాజమహేంద్రవరం నుండి సుమారు 8 కిలోమీటర్లలో ధవళేశ్వరం ఉన్నది. గోదావరి ఇక్కడే గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. 1832–33 నాటి నందన కరువులో, 1839 నాటి తుఫానులో ఈ ప్రాంతం ఎంతో నష్టపోయింది. ప్రక్కనే నది సముద్రంలోనికి పోతుండగా ప్రజలు ఆకలికి చనిపోయారు. ఆర్థర్ కాటన్ దొరగారు ఈ నేలను తిరిగి చూచి, ఆనకట్ట అవసరమని మద్రాసులోని ప్రభుత్వానికి వ్రాశారు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. ఇప్పుడు మనం చూచేది దాని స్థానంలో కట్టి 1982లో ముగించిన 175 గేట్ల బ్యారేజి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో 10 లక్షల ఎకరాలకు పైగా దీని క్రింద సాగవుతున్నది. కాటన్ మ్యూజియం అక్కడే ఉన్నది. పిల్లలకు ఒక గంట అక్కడ కేటాయించండి.

ఆయన మన దేశంలో దశాబ్దాలు గడిపిన పరదేశి. ఆ రోజులలో రాజధాని మద్రాసు. అక్కడే కూర్చుండి కాగితాలు చూచి ఉంటే ఈ నది ఆయనకు తెలిసేది కాదు. మన పల్లెలలో ఇన్ని చోట్ల ఆయన విగ్రహాలు ఎందుకున్నవో పిల్లలు అడిగితే, ఈ మాట చెప్పండి.

బ్యారేజి మీదుగా బొబ్బర్లంక చేరితే మధ్య డెల్టా కాలువ మొదలవుతుంది. తిరుగు ప్రయాణం హైవే మీద కాకుండా ఈ కాలువ ప్రక్క రోడ్డున ఆత్రేయపురం మీదుగా రావులపాలెం రండి. దారిలో లొల్ల లాకులు చూడండి. కాలువ అక్కడ పాయలుగా విడిపోయి అమలాపురం వైపు, గన్నవరం వైపు పోతుంది. సినిమాలలో చూచిన చోటు అని ఫోటోలు తీసికొనేవారే ఎక్కువ. అయిదు నిమిషాలు ఆగి, ఏ తలుపు ఎత్తితే ఏ ఊరికి నీరు పోతుందో అక్కడివారిని అడగండి. సంతోషంగా చెబుతారు.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంటి ముందు కూడా ఆగండి. బోర్లించిన కుండ క్రింద కొబ్బరాకు మంట, పైన బియ్యపు పాలలో ముంచిన గుడ్డతో ఒక్క విసురు, వెంటనే కాగితం కంటె పలుచని రేకు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొయ్యి దగ్గర రోజంతా కూర్చునేది స్త్రీలు. పెట్టె కొనేటప్పుడు పది రూపాయలకు బేరమాడకండి.

రెండవ రోజు: అరటి గెలలు, కాలువ చివర

తెల్లవారగానే రావులపాలెం అరటి మార్కెట్‌కు వెళ్ళండి. లంకల నుండి, చుట్టుప్రక్కల తోటల నుండి సైకిళ్ళ మీద, ఆటోలలో గెలలు వస్తాయి. కర్పూరం, చక్కరకేళి, అమృతపాణి, కూరకు బొంత. ఒక్కొక్కటి చూపించి పేరు చెప్పించండి. అమెరికాలో, గల్ఫ్‌లో అరటి పండు అంటే ఒకటే రకం అనుకొనే పిల్లలు ఆశ్చర్యపోతారు. ధర ఎవరు కట్టారు, రైతు చేతికి ఎంత వచ్చింది అనేది కూడా వారు వినాలి.

తరువాత బస్సులో పి.గన్నవరం వెళ్ళండి. అక్కడ వైనతేయ పాయ మీద కాలువే వంతెనగా దాటుతుంది. క్రింద నది, పైన కాలువ. పాత అక్విడెక్టు కాటన్ కాలం నాటిది, 1850లలో కట్టింది. దాని ప్రక్కన కొత్తది కట్టారు. నదిని దాటి వెళ్ళిన ఆ నీరు అవతల పల్లెలకు చేరి, చివరి పొలాల దగ్గర సన్నగిల్లుతుంది. ఆ శివారు పొలాలు చూడకుండా తిరిగి రాకండి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు ఖాళీగా వదలివేశారు. కూలి, ఎరువు, పురుగుమందు ఖర్చులు పెరిగి, వరి ధర చాలక, మురుగు కాలువలు సరిగా లేక విసిగి తీసికొన్న నిర్ణయమది. పచ్చగా ఉన్న నేలను విడిచి మన పిల్లలు కువైట్‌కు, మస్కట్‌కు ఎందుకు వెళ్ళారో ఆ గట్టు మీద నిలబడితే అర్థమవుతుంది.

మూడవ రోజు: పడమటి ఒడ్డు

వశిష్ఠ దాటి పాలకొల్లు, నరసాపురం వెళ్ళండి. 1836లో ఆంథొని నారిస్ గ్రోవ్స్ గారితో ఇంగ్లాండు నుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు ఈ వైపుననే స్థిరపడ్డాయి. వారిలో ఒకరు రాతి పనివాడు, ఒకరు చెప్పులు కుట్టే పనివాడు. పెద్ద పట్టణంలో ఉండిపోక, తెలుగు నేర్చుకొని, ఈ కాలువల మధ్య పల్లెలలో జీవించారు. గోదావరి డెల్టా మిషను అలా ఆరంభమైనది. మన సంఘాల పాత సమాధుల మీద పేర్లు చదివించండి. ఎంత చిన్న వయస్సులో ఎందరు ఈ నేలలో నిద్రించారో పిల్లలే లెక్క వేస్తారు.

నరసాపురం లేసు అల్లిక మిషనరీ కుటుంబాల స్త్రీల ద్వారా ఈ ప్రాంతానికి వచ్చినదే. ఇండ్ల అరుగుల మీద స్త్రీలు సూది, దారంతో అల్లుతుంటారు. మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు ఇక్కడికి వచ్చి వీరి పనిని గూర్చి 1982లో పుస్తకం ప్రచురించారు. ఎగుమతిలో లాభం ఉన్నా, ఇంటిలో కూర్చుండి అల్లే స్త్రీకి దక్కేది చాలా కొద్ది అని ఆమె చూపించారు. కనుక దుకాణంలో కొనే ముందు ఒక అల్లేవారి అరుగు మీద కూర్చుండి, ఒక్క పువ్వు అల్లడానికి ఎంతసేపు పడుతుందో చూడండి.

నరసాపురం నుండి సఖినేటిపల్లి వైపు పంటు మీద దాటాలని చాలామందికి కోరిక. ఆ రోజు పంటు నడుస్తున్నదో లేదో ముందుగా రేవులో అడగండి. లేకపోతే చించినాడ వంతెన మీదుగా రావచ్చును. పడవ ఎక్కితే పిల్లలకు లైఫ్ జాకెట్ వేయించండి. జనం నిండిపోయిన పడవను వదలి తరువాతి దానికి ఆగండి.

నాలుగవ రోజు: ఎక్కడికీ వెళ్ళవద్దు

ఇది అన్నిటికంటె ముఖ్యమైన రోజు. ఇంటి దగ్గరే ఉండండి. ఆదివారమైతే సంఘంతో కలిసి ఆరాధనకు వెళ్ళి, తరువాత ముసలివారి ప్రక్కన కూర్చోండి. వారి చేతికి బహుమతులిచ్చి వెంటనే ఫోనులోనికి తల దించకండి. "మామ్మా, 1986 వరదలో మీరెక్కడున్నారు?" "తాతయ్యా, 1996 నవంబరు తుఫానుకు మన కొబ్బరి చెట్లు ఎన్ని పడిపోయాయి?" అని పిల్లల చేతనే అడిగించండి. చిన్నబోయి కూర్చున్న తాతయ్య కూడా "ఆయ్, చెబుతాను వినండి" అని లేచి కూర్చుంటాడు. ఏ ఎత్తరుగు మీద రాత్రంతా గడిపారో, ఎవరి పడవలో బయటపడ్డారో, ఎవరింటి అన్నం తిన్నారో చెబుతారు. దానిని ఒక నోటు పుస్తకంలో తారీకు వేసి వ్రాసికొనండి. మనము వాయిదా వేసే ప్రతి సెలవుకూ ఈ జ్ఞాపకాలు చెప్పగలవారు ఒకరో ఇద్దరో తగ్గిపోతున్నారు.

మర్యాద గూర్చి రెండు మాటలు. అడగకుండా ఎవరి ఇంటినీ, ఎవరి స్నానపు రేవునూ ఫోటో తీయవద్దు. చేలో నాట్లు వేస్తున్నవారిని నవ్వుతూ నిలబడమని కోరవద్దు. వారికి అది కూలి వేళ. మంచినీళ్ళు ఇస్తే కూర్చుండి త్రాగండి. పిల్లల కడుపుకు భయమైతే కొబ్బరి బొండం అడగండి, ఎవరూ తప్పుగా అనుకోరు. ప్లాస్టిక్ సీసాలు కాలువలో పడవేయకండి. ఆ నీటినే క్రింది ఊరివారు వాడుకొంటారు.

ఊరిలో ఉన్న తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. పిల్లలు వస్తున్నారని తెలియగానే మీరే హైదరాబాదుకు బయలుదేరి వెళ్ళకండి. "మీరే ఇక్కడికి రండి, నాలుగు రోజులుండండి" అని ధైర్యంగా ఫోనులో చెప్పండి. మంచం, దోమతెర, మరగించిన నీళ్ళు ఉంటే చాలును. టిక్కెట్లు కొనకముందే ఆ నాలుగు రోజులు క్యాలెండరులో గుర్తు పెట్టించండి. తరువాత అడిగితే సెలవు మిగలదు.