బంతిని ఊరంతా చూస్తాది

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద మ్యాచ్‌లకి మైదానంలో ఏడుగురు అధికారులుంటారు. ఒక్కొక్కరికీ ఒక చోటు, ఆ చోటుకో పేరు, అక్కణ్ణుంచి ఏం చూడాలో ముందే తేల్చుకున్న లెక్క. కొత్తగా చేరినవాళ్ళు తమకి ఏ చోటు కుదురుతుందా అని ఆలోచించుకుంటారు, మనం ఫ్రంటెండా బ్యాకెండా అని కొట్టుకున్నట్టే.

క్రికెట్ అంపైర్‌కి ఆ సౌకర్యం లేదు. ఓవర్ మారగానే బౌలర్ వైపు ఉన్నవాడు స్క్వేర్ లెగ్‌కి పోవాలి, అక్కడివాడు వికెట్ల వెనక్కి రావాలి. ఎంచుకోడానికి మిగిలేది ఒక్కటే. స్క్వేర్ లెగ్ అంపైర్ కావాలంటే ఆఫ్ సైడ్‌కి మారొచ్చు. ఫీల్డింగ్ కెప్టెన్‌కీ, బ్యాటర్‌కీ, రెండో అంపైర్‌కీ చెప్పి మారాలి.

అనంతపురం ఊళ్ళల్లో ఈ చిన్న రూలే పెద్దదవుతుంది. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ జరిగిన ఆర్‌డీటీ స్టేడియం గురించి కాదు నేను చెప్పేది. గడ్డిపరక లేని ఊరి మైదానాల గురించి. సున్నం గీత కాసేపటికే ఎర్రమట్టిలో కలిసిపోతుంది. సాయంత్రమైతే ఎండ నేరుగా కళ్ళల్లో కొడుతుంది.

సెలవుల్లో అంపైరింగ్ మొదలుపెట్టినప్పుడు, రిటైరైన ఒక పీఈటీ సారు చెప్పాడు: "బంతిని ఊరంతా చూస్తాదప్పా. నువ్వు గీతని చూడు. అది కనపడకపోతే చోటు మార్చుకో. సిగ్గుపడొద్దు."

పోయిన సంక్రాంతి మ్యాచ్‌లో ముగ్గురికీ చెప్పి అవతలికి మారాను. గట్టు మీదివాళ్ళు నవ్వారు. రెండు ఓవర్ల తర్వాత మా మేనమామ కొడుకు రెండో పరుగు కోసం వెనక్కి ఉరికొచ్చాడు. బెయిల్ లేచేసరికి వాడి బ్యాటు నేలకి తాకే ఉంది, కానీ గీత మీద. గీత మీదుంటే చాలదు, దాటాలి. వేలెత్తాను. వాళ్ళ టీమ్ ఓడిపోయింది.

ఎండకి ఎదురుగానే నిలబడి ఉంటే అది నాకు కనపడేది కాదు. నాటౌట్ అనేవాణ్ణి, ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. చూడకుండా ఉండడానికి అనువైన చోటు ప్రతి మైదానంలోనూ ఒకటుంటుంది. స్నేహితుడి కథల సంపుటి మీద సమీక్ష రాయడానికి కూర్చున్నప్పుడు కూడా ఆ చోటు పిలుస్తూనే ఉంటుంది.

మామ రెండు నెలలు మాట్లాడలేదు. ఉగాదికి ఫోన్ చేశాడు.

"ఇంతకీ బ్యాటు గీత మీదుండెనా, లోపలుండెనా?"

"మీద, మామా."

"అయితే అవుటే," అన్నాడు.