ట్రాలీలో బరువెక్కడ? మనమెక్కడ?

మీరెప్పుడైనా ఎర్రగుంట్ల నుంచి వేంపల్లె వెళ్లే బస్సెక్కారా? మధ్యలో వీరపునాయునిపల్లె వస్తుంది. ఆ మండలంలోని అనిమెలలో సంగమేశ్వరుడి గుడి తప్పక చూడండి. దారిలో పప్పుశనగ మూటలో, పశువుల మేతో వేసుకున్న ట్రాక్టరు ఎదురైతే ట్రాలీ వంక కూడా ఓ చూపు చూడండి.

ఎద్దులబండి సంగతి మన పెద్దవాళ్లకు తెలిసిందే. బరువంతా ముందుకేస్తే ఎద్దుల మెడలు నలిగిపోతాయి. వెనక్కేస్తే కాడి పైకి లేచి, మెడకింది తాడు గొంతుకు బిగుస్తుంది. అందుకే ఇరుసు మీద మోపి, కాస్త ముందుకు మొగ్గేలా సర్దుతారు. రెండు చక్రాల ట్రాలీకీ అదే లెక్క. వెనక బరువెక్కువైతే ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది. ముందు మరీ ఎక్కువైతే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు.

అమెరికాలో కారు వెనక ఇల్లులాంటి ట్రైలరు తగిలించుకుని తిరిగేవాళ్లు, మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్లు కొక్కెం మీద పడేలా సామాను సర్దుకుంటారు. స్ప్రింగు కడ్డీలు బిగిస్తే ఆ బరువు కొంత కారు ముందు చక్రాలకూ, కొంత ట్రైలరు చక్రాలకూ చేరుతుంది. అయితే మోయగలిగిన దానికంటే ఎక్కువ వేస్తే ఏ కడ్డీలూ కాపాడవు.

ఇదంతా మనకెందుకంటారా? తిరునాళ్లకూ పెళ్లిళ్లకూ పిల్లాపాపలతో ట్రాలీ ఎక్కేది మనమే కదా! మూటలు సర్దినట్టు మనుషుల్ని సర్దలేం. మలుపులో అందరూ ఓ పక్కకు ఒరిగితే బోల్తాపడొచ్చు. సరుకు ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పదు కూడా. "అందరూ ఎక్కుతున్నారుగా" అని మీవారన్నా సరే, మూటల్ని ట్రాలీలో పంపి మీరు పిల్లలతో బస్సెక్కండి. కాస్త ఆలస్యమైనా గుడి ఎక్కడికీ పోదు!