నుయ్యో గొయ్యో

ఫారం రెండు పేజీలుంది. ఉబ్బసం ఉందా, గుండె జబ్బుందా, చెవికి ఆపరేషన్ అయిందా, గర్భవతివా. అన్నిటికీ లేదని రాసి, 'ఈత వచ్చా' దగ్గర ఆగిపోయాను.

"రాకపోయినా పర్లేదక్కా, నేనుంటాగా" అంది డైవింగ్ నేర్పే అమ్మాయి. నాకంటే పదేళ్ళు చిన్నది. తాతల నాడే శ్రీకాకుళం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి వచ్చేసిన కుటుంబమట. మాటల్లో సగం హిందీ. అండమాన్‌లో తెలుగు వినపడటం వింతేమీ కాదు గానీ, నన్ను సముద్రంలోకి దించబోయే మనిషి 'అక్కా' అనడం నాకు కొండంత అండ.

ముగ్గురం స్నేహితురాళ్ళం సెలవులకి హేవ్‌లాక్ వెళ్ళాం. 1857 తిరుగుబాటును అణచిన ఇంగ్లీషు సేనాని పేరది. 2018లో స్వరాజ్ ద్వీప్ అని మార్చారు. జనం నోట ఇంకా పాత పేరే నడుస్తోంది.

మా ఊళ్ళో మోటబావి ఉండేది. ఎండాకాలం బాబాయి మా అన్నయ్యలకి నడుముకి బెండ్లు కట్టి అందులోకి తోసేవాడు. వాళ్ళు నీళ్ళు తాగి, ఏడ్చి, నాలుగోరోజుకి చేపలయిపోయేవాళ్ళు. నా పని గట్టు మీద కూర్చుని వాళ్ళ బట్టలకి కాపలా కాయడం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అదీ పోయింది. మా పిన్ని వాళ్ళ అత్తగారి ఊళ్ళో నూతిలో శవమై తేలింది. కాలుజారి పడిందని అత్తవారన్నారు. దూకిందని ఊరంది. అప్పట్నుంచీ అమ్మ నన్ను గట్టు కూడా ఎక్కనివ్వలేదు.

'ఏ నుయ్యో గొయ్యో చూసుకుంటాను' అనే మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మన దగ్గర ఉండదేమో. నా పరిశోధన కోసం పాత కథలు చదువుతుంటే ఎన్ని కథల్లో ఎదురైందో! మగాళ్ళకి బావి ఈత, వ్యవసాయం, పందెం. ఆడవాళ్ళకి నీళ్ళు తోడుకోవడానికి ఒకటి, ఇక భరించలేనప్పుడు ఇంకొకటి. ఎడ్రియన్ రిచ్ 1973లో అచ్చువేసిన 'డైవింగ్ ఇంటూ ది రెక్' నేను ఆరేళ్ళుగా క్లాసులో చెబుతున్నాను. మోకాలు తడవకుండానే చెప్పానని ఆ ఫారం ముందు కూర్చున్నప్పుడు తట్టి సిగ్గేసింది.

ముందు నడుములోతు నీళ్ళలో పాఠం. సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ అనుకున్నాను. కాదు, మనం పీల్చే మామూలు గాలినే ఒత్తిడితో కుక్కుతారు. లోపల మాటలుండవు కాబట్టి సైగలు నేర్పింది. ఒకే ఒక్క నియమం మాత్రం నాలుగుసార్లు చెప్పింది, "ఊపిరి బిగపట్టొద్దక్కా, ఏం జరిగినా సరే." పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలిని బిగపట్టి పైకొస్తే అది ఛాతీలోనే ఉబ్బి ఊపిరితిత్తుల్ని చీల్చగలదు. భయమేస్తే ఊపిరి బిగబట్టడమే నాకు ముప్పై ఏళ్ళుగా అలవాటు. ఇంట్లో నాన్న గొంతు పెరిగినా అంతే, ఇంటర్వ్యూ బోర్డు ముందూ అంతే.

ఒడ్డున మోయలేకపోయిన సిలిండర్ నీళ్ళలో బరువే తెలియలేదు. ఆ అమ్మాయి వెనకనుంచి పట్టుకుని దించుతోంది. చెవులు నొప్పెట్టాయి. ముక్కు మూసి గాలి ఊదితే టప్‌మని తెరుచుకున్నాయి. 'బాగుందా' అని సైగ చేస్తే సంతోషంగా బొటనవేలు పైకెత్తాను. వెంటనే నన్ను పైకి తీసుకుపోయింది! నీళ్ళలో ఆ సైగకి 'పైకి పోదాం' అని అర్థం. అప్పుడే చెప్పించుకున్నదాన్ని మర్చిపోయాను. పైన ఇద్దరం నవ్వుకుని మళ్ళీ దిగాం.

తొమ్మిది మీటర్ల దాకా వెళ్ళాను. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్‌లో పగడాలు పెద్దయెత్తున తెల్లబారాయి. నాకు కనిపించినవాటిలోనూ బూడిదరంగు మోళ్ళు చాలానే. మధ్యమధ్య బతికినవి. వాటి పక్కన సముద్రపుపువ్వులో నారింజరంగు చారల చేపలు దోబూచులాడుతున్నాయి. ఆ గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది. అది చచ్చిపోతే మగవాటిలో పెద్దది ఆడదిగా మారుతుంది. 'ఫైండింగ్ నీమో' సినిమాలో తల్లి చనిపోయినా తండ్రి తండ్రిగానే ఉండిపోతాడు, పిల్లలకెందుకనుకున్నారో ఏమో.

నా చేతికి బయల్దేరేముందు అమ్మ కట్టిన ఎర్రదారం ఉంది. అక్కడ అది ఎర్రగా లేదు, మట్టిరంగులో ఉంది. నీటిలో అన్నిటికన్నా ముందు ఆగిపోయేది ఎరుపేనట. దానివైపు చూస్తూ లెక్కపెట్టి మరీ ఊపిరి పీల్చాను, వదిలాను. బుడగలు పైకి పోతున్న చప్పుడు. పిన్ని గుర్తొచ్చింది. బావి ఇంత లోతు ఉండి ఉంటుందా అనుకున్నాను.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. వెళ్ళేముందు చెబితే వద్దంటుందని చెప్పలేదు. తిడుతుందనుకుంటే, "నీళ్ళు చల్లగా ఉన్నాయా?" అంది. నాకు ఈత వచ్చుంటే ఇంకా బాగుండేదన్నాను. కాసేపు మాట్లాడలేదు.

"మీ పిన్నికి వచ్చు" అంది.

"ఏంటి?"

"ఈత. తాతకి మగపిల్లలు లేరుగా, మా ఇద్దరికీ నేర్పబోయాడు. నేను భయపడి దిగలేదు. అది మాత్రం ఈ దరి నుంచి ఆ దరికి ఈదేది. చెరువులో కూడా."

నా జుట్టు ఇంకా ఆరలేదు, మెడ మీద ఉప్పునీళ్ళు కారుతున్నాయి.

"మరి అప్పుడు ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

"ఎవరడిగారే" అంది.