నీటిపై మోపిన నింద

హైదరాబాదు నగరమునకు పడమట, రాతిగుండ్ల నడుమ రాయదుర్గము కలదు. 1998లో సమీపమున సైబర్ టవర్స్ వెలసిన పిదప ఆ ప్రాంతము మేడలతో నిండినది. 2019లో మెట్రో రైలు అచటికి చేరినది. ఉద్యోగములకై వచ్చి అచట నివసించు యువజనులలో పలువురు, కొలది నెలలకే చర్మము పొడిబారినదనియు జుట్టు రాలుచున్నదనియు వాపోవుదురు. తప్పంతయు నీటిలో కలిపెడి క్లోరిన్‌దే అని తీర్పు చెప్పుదురు. ఈ నింద న్యాయమైనదా?

1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదున వేలాదిమందిని పొట్టన బెట్టుకొన్నది. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలను అనుసరించి 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము సిద్ధమైనవి. అవి వరదను ఆపుటయే కాక నగరమునకు త్రాగునీటిని ఇచ్చినవి. అదే 1908లో అమెరికాలోని జెర్సీ నగరమునకు పంపెడి నీటిలో నిత్యము క్లోరిన్ కలుపుట ఆరంభమైనది. వరద కంటికి కనబడు మృత్యువు. కలరా, టైఫాయిడు క్రిములు కనబడని మృత్యువు. మొదటిదానికి ఆనకట్ట ఎట్టిదో, రెండవదానికి క్లోరిన్ అట్టిది.

అయినను క్లోరిన్ పూర్తిగా నిర్దోషి కాదు. అది చర్మముపైని, కేశములపైని సహజమైన చమురును కొంత హరించును. ఈతకొలనులలో తరచుగా ఈదువారి జుట్టు గరుకెక్కుట అందువలననే. కాని కొళాయి నీటిలో ఉండవలెనని భారత ప్రమాణము కోరు కనీస క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మాత్రమే.

కొళాయి నీరు చాలనిచోట బోరుబావులు, ట్యాంకర్లే దిక్కు. రాతిపొరలలో నిలిచిన బోరు నీటిలో కాల్షియము, మెగ్నీషియము లవణములు కరగియుండును. దానినే కఠినజలము అందురు. కొళాయి మూతిపై పేరుకొను తెల్లని మచ్చ దీనికి సాక్షి. ఆ నీటిలో సబ్బు సరిగా నురుగక, తెట్టుగా మారి ఒంటికిని తలకును అంటుకొనును. చర్మము దురదపెట్టును, జుట్టు బిరుసెక్కును. క్లోరిన్‌ను తొలగించు వడపోత గొట్టము బిగించినంత మాత్రమున ఈ లవణములు తొలగవు.

జుట్టు తెగుట వేరు, కుదురునుండి రాలుట వేరు. దినమునకు 50 నుండి 100 వెండ్రుకలు రాలుట సహజమే. అంతకు మించినచో జ్వరము, పోషకాహార లోపము, ఆందోళన, వంశపారంపర్యము మున్నగు కారణములను వైద్యుడు విచారింపవలెను.

ఇంటి నీరెట్టిదో పరీక్షింపించి తెలిసికొనుట మొదటి పని. స్నానానంతరము తడి పూర్తిగా ఆరకముందే ఒంటికి కొంచెము నూనె రాచుకొనుట రెండవది. ప్రాణములు కాచువానిని దోషిగా నిలిపి, అసలు దోషిని విడిచినచో బాధ తీరదు.