మెదకు దారిలో

మెదకు దేవాలయమును 1914-1924 మధ్య, కరవుతో అలమటించిన ప్రజలకు పనియు అన్నమును కల్పిస్తూ పాస్నెట్ దొరగారు కట్టించారు. గోపురం 175 అడుగులు. లోపల క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము చిత్రించిన రంగుటద్దాల కిటికీలున్నాయి. బయటి వెలుగే వాటికి ప్రాణం. పొద్దు గూకితే ఆ బొమ్మలు లోపలివారికి కనబడవు.

వాటిని చూడాలని ఏండ్ల తరబడి ఆశపడిన మా అత్తగారితో హైదరాబాదు నుండి బయలుదేరాము. నర్సాపూరు అడవికి ముందే ఒక బంకులో ఆగాము. నాజిల్ పెట్టిన ప్రతిసారీ టక్కుమని ఆగిపోతోంది. ట్యాంకు చూస్తే ఖాళీ! పొద్దు వాలుతోంది.

పెట్రోలు పోసే పెద్దాయన నాజిల్‌ను కొంచెం వెనక్కి లాగి, పక్కకు తిప్పి, సన్నధారగా పోశాడు. కారణమూ చెప్పాడు. పెట్రోలు దిగాలంటే లోపలి గాలి బయటికి పోవాలి. ఆ గాలి పైపులో దుమ్మో, పురుగు గూడో అడ్డుపడితే పెట్రోలు పైకి ఎగదన్ని నాజిల్ కొనన ఉన్న చిన్న రంధ్రాన్ని మూస్తుంది. ట్యాంకు నిండిందనుకొని పంపు ఆగుతుంది.

"మెకానిక్కుతోని ఆ పైపు సాఫ్ చేయించుండ్రి సారూ. నిండి ఆగినంక మాత్రం మళ్ల కుక్కి పోయించొద్దు" అన్నాడు.

దేవుని కృపవలన పొద్దుండగానే చేరాము. ఆ రంగుల వెలుగులో అత్తగారు చాలాసేపు మౌనంగా మోకరించారు.

ప్రియులారా, కృప కొదువై మనం వెలితిగా ఉండము. లోపలి పగ, గర్వము బయటికి పోయే దారి మూసుకొంటేనే ఆయన పోసేది మనలో దిగదు. ఆ దారిని శుభ్రపరచుకొందము.