రెంటన్ ఊళ్ళో పేకముక్కలు

అమెరికా వెళ్ళి వచ్చినవాళ్ళు నయాగరా గురించి చెబుతారు. నేనూ చూశాను. కాని నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది మాత్రం ఓ చిన్న దుకాణం. అందులో కూచుని నేను పేకాడాను. ఈ మాట చదివి మా వూరివాళ్ళు ఉలిక్కిపడతారని తెలుసు. డెబ్భయ్యేళ్ళు దాటేదాకా పేకముక్క ముట్టని మనిషిని.

ముట్టకపోవడానికి కారణం వుంది. దివిసీమలో మాకు ఆరెకరాల మాగాణి వుండేది. నేను అయిదో తరగతికి వచ్చేసరికి అందులో నాలుగెకరాలు మా నాన్నగారి పేకాటలో కరిగిపోయాయి. ఓ రోజున అమ్మ పేకదస్తా తీసి పొయ్యిలో పెట్టేసింది. మర్నాడు నాన్నగారు కొత్త దస్తా కొనుక్కొచ్చారు. అంతే జరిగింది.

సరే, మా అమ్మాయి కాపురం వాషింగ్టన్ రాష్ట్రంలో రెంటన్ అనే ఊళ్ళో. సియాటిల్‌కు దక్షిణంగా, వాషింగ్టన్ సరస్సు కొసన వుందా వూరు. ఒడ్డునే బోయింగ్ వారి కర్మాగారం. 737 విమానాలు అక్కడే కూర్చుతారు. మబ్బు విడిచిన రోజున రెయినియర్ కొండ మంచుతల కనిపిస్తుంది. నేను వెళ్ళింది నవంబరులో. మబ్బు విడిస్తేగా!

ఓ శుక్రవారం సాయంత్రం మా మనవడు సంచీలో ఓ పెట్టె పెట్టుకుని బయల్దేరాడు. పదమూడేళ్ళవాడు.

"ఎక్కడికిరా?"

"కార్డ్స్ ఆడటానికి, తాతయ్యా."

నా గుండె గతుక్కుమంది. మా అమ్మాయి నా మొహం చూసి, "అది ఆ పేకాట కాదు నాన్నా. నమ్మకం లేకపోతే నువ్వూ వెళ్ళి చూసిరా" అంది. గొడుగు తీసుకుని వెంట నడిచాను.

ఓ వైపు బట్టలు ఉతికే అంగడి, రెండోవైపు తెరియాకీ కోడిమాంసం అమ్మే అంగడి. మధ్యన ఈ దుకాణం. ముందు భాగంలో గాజు బీరువాలు. వాటిలో ఒక్కొక్క ముక్కకూ ఒక్కొక్క చొక్కా తొడిగి, ధర చీటీ అంటించి పెట్టారు. వెనక పొడుగాటి బల్లలు, మడత కుర్చీలు. తడికోట్ల వాసన. పాతికమంది దాకా వున్నారు: కాలేజీ పిల్లలు, పనిబట్టలతోనే వచ్చిన ఓ మెకానిక్కు, నెరిసిన గడ్డం పెద్దమనిషి, ఓ తండ్రీ కూతురూ. నేను మొదట వెతికింది బల్లలమీద డబ్బుకోసం. ఎక్కడా కనబడలేదు. ప్రతివాడి ముందూ ఇరవై ముఖాల పాచిక ఒకటి వుంది. అది పందేనికి కాదట, ప్రాణాలు లెక్కపెట్టుకోడానికట!

ఆ ఆట పేరు మేజిక్. దీని పుట్టుక వినదగ్గది. పీటర్ ఆడ్కిసన్ అనే ఆయన విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితశాస్త్రజ్ఞుడు తన బల్లఆట ఒకటి అచ్చు వెయ్యమని ఆయన దగ్గరికి వచ్చాడు. అది తయారుచెయ్యడానికి ఖర్చు ఎక్కువవుతుంది, చేతిలో పట్టేది, త్వరగా ముగిసేది ఏదైనా వుంటే చెప్పమన్నాడు ఆడ్కిసన్. దానికి జవాబే ఈ ఆట. 1993లో బజారుకి వచ్చింది. 1999లో హాస్‌బ్రో అనే పెద్ద బొమ్మల కంపెనీ వీళ్ళని కొనేసింది. ఈ విజర్డ్స్ వారి ఆఫీసు మా అమ్మాయి వుంటున్న రెంటన్‌లోనే. విమానాలు ఓ పక్క, మంత్రాలు ఓ పక్క!

మన పేకలో అందరికీ ఒకటే దస్తా. ఇందులో ఎవరి దస్తా వారిదే. వేలకొద్దీ ముక్కలు అచ్చయినాయి. వాటిలోంచి కనీసం అరవై ఏరుకుని దస్తా కట్టుకోవాలి. ఒకే ముక్క నాలుగుకు మించి వుండకూడదు. చేతికి ఏడు ముక్కలు, ఒంటికి ఇరవై ప్రాణాలు. ఎదుటివాడి ప్రాణాలు సున్నాకి దించినవాడిది గెలుపు.

అన్నిటికీ మూలం నేల. మైదానం, ద్వీపం, చిత్తడి, కొండ, అడవి అని అయిదు రకాలు. వీటికి మాత్రం నాలుగు అనే హద్దు లేదు. ఒక వంతుకు ఒక్క నేల ముక్కే దించాలి. దాన్ని పక్కకు తిప్పితే శక్తి వస్తుంది. ఆ శక్తితోనే మృగాన్నయినా, మంత్రాన్నయినా దించడం. మళ్ళీ మన వంతు రాగానే ఆ నేల నిటారుగా లేస్తుంది. నేల అందకపోతే చేతిలో ఎంత గొప్ప ముక్క వున్నా చిత్తుకాగితమే. ఈ సంగతి రైతుబిడ్డకి వేరే చెప్పాలా?

మా వాడు మొదటి ఆట ఓడిపోయాడు. గెలిచిన మెకానిక్కు చెయ్యి కలిపి, పెట్టె సర్దుకోకుండా, వాడు తప్పిన చోటు చూపించాడు. "ఈ మృగాన్ని దాడికి పంపకుండా కాపలా వుంచితే నేనే ఓడిపోయేవాణ్ణి" అన్నాడు. గెలిచినవాడు ఓడినవాడికి గెలుపు నేర్పడం మా వూరి చావడిలో నేను చూడలేదు.

తర్వాత బేరం. గడ్డం పెద్దమనిషి దగ్గరున్న డ్రాగను బొమ్మమీద మా వాడి మనసు పడింది. తన ముక్క ఒకటి ఇవ్వబోయాడు. ఆయన ఫోనులో ధర చూసి, "బాబూ, నాదానికన్న నీది ఎక్కువ ఖరీదు. ఇలా మార్చుకుంటే నేను నిన్ను మోసం చేసినట్టే" అని, తన పుస్తకంలోంచి ఇంకో మూడు ముక్కలు తీసి కలిపి ఇచ్చాడు. నా భయం సగం అక్కడే పోయింది.

మిగతా సగం పోలేదు. ముక్కలు పొట్లాల్లో అమ్ముతారు. లోపల ఏముందో చింపితేగాని తెలియదు. మా వాడు గల్లా దగ్గర ఓ పొట్లం కొని చింపుతున్నప్పుడు వాడి వేళ్ళు వణికాయి. ఆ వణుకు నేనెరుగుదును. 1993 నాటి మొదటి అచ్చులోని 'బ్లాక్ లోటస్' ముక్క ఒకటి 2021లో 5 లక్షల డాలర్లకు పైగా పలికిందంటే, పిల్లల వేళ్ళు వణకవూ? నెలకి ఒక్కటే పొట్లమని మా అమ్మాయి కట్టడి పెట్టింది. మంచిపని చేసింది.

"నువ్వూ ఓ ఆట ఆడు తాతయ్యా" అన్నాడు మనవడు. వద్దన్నాను. మళ్ళీ అడిగాడు. ఏమనుకున్నానో గాని కూచున్నాను. అడవి దస్తా ఒకటి నా చేతికిచ్చాడు. రెండు అడవులు దించాను. మూడోది రాలేదు. నాలుగు వంతులు గడిచినా రాలేదు. చేతినిండా ఏనుగంతేసి మృగాలు, కింద నేల లేదు. వాడు ఉడతంత జంతువులతోనే నా ఇరవై ప్రాణాలూ తీశాడు.

తిరిగి వస్తూంటే సన్నగా జల్లు. "నీకు నేల పడలేదు తాతయ్యా, నీ తప్పేం లేదు" అన్నాడు వాడు ఓదార్పుగా. అప్పుడు చెప్పాను, మా నాన్నగారి నాలుగెకరాల సంగతి. వాళ్ళమ్మకి కూడా ఎప్పుడూ చెప్పని సంగతి. వాడు చాలాసేపు మాట్లాడలేదు. గొడుగుమీద వాన చప్పుడొకటే.

గుమ్మం దగ్గర ఆగి పెట్టె తెరిచి, ఓ అడవి ముక్క తీసి నా జేబులో పెట్టాడు. "ఇది నీ దగ్గర వుంచుకో."

"ఖరీదెంతరా?"

"ఏం లేదు. ఇవి దుకాణంలో ఊరికే ఇస్తారు."

ఇప్పుడది నా కళ్ళజోడు డబ్బాలో వుంది. డెబ్భయ్యేళ్ళకి పేకాటలో మా ఇంటికి వచ్చిన నేల అదొక్కటే!