బందరు దారిలో చెక్‌పోస్టులు

పుణె నుంచి మచిలీపట్నం (బందరు) దాకా సాగే 65వ జాతీయ రహదారి పొడవు సుమారు 840 కిలోమీటర్లు. జహీరాబాద్ దగ్గర కర్ణాటకను విడిచి తెలంగాణలోకి వస్తుంది. సంగారెడ్డి, హైదరాబాద్, చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ మీదుగా పాలేరు దాకా వచ్చి, ఆ వాగు దాటగానే ఆంధ్రప్రదేశ్‌లో పడుతుంది. అక్కణ్నుంచి విజయవాడ, ఆపైన బందరు. పాత లెక్కలో ఇది 9వ నంబరు రోడ్డు. 2014లో రాష్ట్రం రెండయ్యాక కూడా హైదరాబాద్, విజయవాడల మధ్య తిరిగే జనానికి సరిహద్దు ఎక్కడుందో పెద్దగా పట్టలేదు. పగలూ రాత్రీ బస్సులు నడిచేవి, పండగొస్తే టోల్‌గేట్ల దగ్గర కార్లు బారులు తీరేవి. ఆ గీత నిజంగా గోడై నిలిచింది 2020 మార్చిలో. అప్పట్నుంచి ఈ దారి మీద ప్రయాణికుడు ముగ్గురి ఆజ్ఞలకు లోబడవలసి వచ్చింది. విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్ర హోం శాఖ ఉత్తర్వులు ఒకవైపు, 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని బయటికి తీసిన రెండు రాష్ట్రాల ఉత్తర్వులు మరోవైపు. ఈ మూడూ ఒక్క మాట మీదున్న రోజులు తక్కువ.

జహీరాబాద్ అవతల, మాడ్గి సరిహద్దు దాటితే బీదర్, కలబురగి జిల్లాలు. వైద్యానికి ఆ జిల్లాల జనం బెంగళూరు కంటే హైదరాబాద్‌కే ఎక్కువగా వస్తారు. దేశంలో తొలి కోవిడ్ మరణం కూడా ఈ అలవాటుతో ముడిపడినదే. కలబురగికి చెందిన 76 ఏళ్ల వృద్ధుణ్ని హైదరాబాద్ ఆసుపత్రులకు తీసుకొచ్చారు. తిరిగి ఊరికి తీసుకెళుతుండగా 2020 మార్చి 10న ఆయన చనిపోయారు. వ్యాధి నిర్ధారణ అయింది ఆ తర్వాతే. రెండు వారాలు తిరక్కుండానే ఈ సరిహద్దులో బారికేడ్లు పడ్డాయి.

సంగారెడ్డి దగ్గర కంది గ్రామంలో, రోడ్డు పక్కనే ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణం ఉంది. లాక్‌డౌన్ నాటికి అక్కడ కట్టడాల పనిలో జార్ఖండ్, బిహార్ తదితర రాష్ట్రాల కూలీలు రెండు వేలకు పైగా ఉన్నారు. పని ఆగింది, కూలి డబ్బులు చేతికి రాలేదు, ఊరికి పోనివ్వడం లేదు. నెల రోజులు ఓపిక పట్టిన మనుషులు ఏప్రిల్ 29న తిరగబడ్డారు, పోలీసుల మీదికి రాళ్లు లేచాయి. మే 1 తెల్లవారక ముందే ఆర్టీసీ బస్సుల్లో వాళ్లను లింగంపల్లి స్టేషనుకు తరలించారు. 4 గంటల 50 నిమిషాలకు హటియా వెళ్లే రైలు కదిలింది. లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొదటి రైలు అదే. 24 బోగీలు, 72 మంది పట్టే బోగీకి 54 మంది చొప్పున 1,200 మందికి పైగా ఎక్కారు. రైలు కదిలేదాకా సంగతి బయటికి పొక్కనివ్వలేదు. పొక్కితే లింగంపల్లికి ఇంకెంతమంది నడిచొచ్చేవారో ఊహించడం కష్టం కాదు.

హైదరాబాద్‌లో మార్చి 22 జనతా కర్ఫ్యూ సాయంత్రమే రాష్ట్రమంతా లాక్‌డౌన్ అని ముఖ్యమంత్రి ప్రకటించారు. అదే రోజు ఆంధ్రప్రదేశ్ కూడా ప్రకటించింది. 25 నుంచి దేశమంతటా 21 రోజుల లాక్‌డౌన్ మొదలైంది. సరుకుల కోసం ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు దాటి బండి నడపకూడదని నగర పోలీసులు హద్దు పెట్టారు. ఇల్లున్నవాడికి ఆ హద్దు అర్థమవుతుంది. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, మాదాపూర్ హాస్టళ్లలో ఉండే వేలమందికి ఇల్లు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. కోచింగులు మూతపడ్డాయి, మెస్సులు ఆగాయి, హాస్టళ్లవాళ్లు ఖాళీ చేయమన్నారు. మార్చి 25, ఉగాది నాడు పోలీస్ స్టేషన్ల ముందు కుర్రాళ్లు, ఆడపిల్లలు బ్యాగులతో బారులు తీరారు. పోలీసులు ఊరెళ్లడానికి నిరభ్యంతర పత్రాలు రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని బైకుల మీద, అద్దె కార్లలో విజయవాడ దారి పట్టారు.

నగరం దాటగానే ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర కొహెడ. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో మామిడి సీజన్ రద్దీ ప్రమాదమని ఏప్రిల్ చివర్లో వ్యాపారాన్ని ఇక్కడి ఖాళీ స్థలానికి మార్చారు. హడావిడిగా వేసిన రేకుల షెడ్లు మే 4 నాటి గాలివానకు కూలి, రైతులు, హమాలీలు గాయపడ్డారు. రోగం నుంచి తప్పించబోతే వాన పట్టుకుంది.

మే 1న కేంద్రం జిల్లాలకు రంగులు పూసింది. ఆ రంగుల పటంలో ఈ రోడ్డును చూస్తే వింతగా ఉంటుంది. సంగారెడ్డి ఆరెంజ్, హైదరాబాద్, రంగారెడ్డి రెడ్, చౌటుప్పల్ ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లా గ్రీన్, నల్లగొండ మళ్లీ ఆరెంజ్, సూర్యాపేట రెడ్, పాలేరు దాటాక కృష్ణా జిల్లా కూడా రెడ్. గ్రీన్‌లో సగం సీట్లతో బస్సు నడపవచ్చు. ఆరెంజ్‌లో బస్సు లేదు, ట్యాక్సీ ఉంది. రెడ్‌లో ఆటో కూడా లేదు. కేంద్రం ఇచ్చిన ఈ వెసులుబాట్లను తగ్గించుకునే అధికారం రాష్ట్రాలకుంది, పెంచుకునే అధికారం లేదు. ఒకే రోడ్డు మీద కొన్ని గంటల ప్రయాణంలో నాలుగుసార్లు మారే ఈ నియమాలు, ఉన్నచోటే ఉండిపోయేవాడికి పనికొచ్చేవే తప్ప ప్రయాణికుడి కోసం రాసినవి కావు.

పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లలో మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ 19 దాకా రుసుము వసూలు ఆపారు. సరుకు లారీలకు అనుమతి ఉన్నా, మొదటి వారంలో ఏది అత్యవసర సరుకు, ఏది కాదన్న వాదన ప్రతి చెక్‌పోస్టులోనూ నడిచింది. సరుకు ఏదైనా పంపించమని మార్చి 29న కేంద్రం తేల్చిచెప్పాక లారీలు కదిలాయి. అయితే దారిలో దాబాలు లేవు, పంక్చరు షాపులు లేవు. సరిగ్గా అప్పుడే నల్లగొండ బత్తాయి కోతకొచ్చింది. ఆ పంట ఎప్పుడూ ఢిల్లీ మార్కెట్టును నమ్ముకున్నది. లారీలు వెళ్లకపోవడంతో బత్తాయి తినమని ముఖ్యమంత్రే విలేకరుల సమావేశంలో చెప్పవలసి వచ్చింది. రైతుబజార్లకు కాయ వచ్చింది.

ఏప్రిల్ మూడో వారానికి సూర్యాపేట జిల్లాలో కేసులు 83కు చేరాయి. కూరగాయల మార్కెట్ చుట్టూ ఉన్న వీధుల నుంచే చాలా వచ్చాయి. హైదరాబాద్ నుంచి ప్రధాన కార్యదర్శి, డీజీపీ స్వయంగా వచ్చి చూశారు. ఇళ్లల్లో కూర్చున్న ఆడవాళ్లు పొద్దుపోక ఆడిన అష్టాచమ్మా వల్ల ముప్పై మందికి పైగా సోకిందని అధికారులు అన్నారు. ఇదే వారంలో రోడ్డు అవతలి కొసన, విజయవాడ కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు ఆడిన పేకాట నుంచి 24 మందికి వచ్చిందని కృష్ణా కలెక్టర్ చెప్పారు. రోడ్ల మీద లాఠీలతో కాపలా కాసినవాళ్లు అరుగు మీది ఆటను ఆపలేకపోయారు. ఆ ఆటలు ఆడినవాళ్ల పేర్లు వాడవాడలా పాకి, వ్యాధి తగ్గాక కూడా నింద మిగిలింది. ఆ సంగతి ఏ బులెటిన్‌లోనూ లేదు.

మునగాల, కోదాడ దాటాక రామాపురం క్రాస్‌రోడ్డు, నల్లబండగూడెం. ఇవతల తెలంగాణ పోలీసులు, మధ్యన పాలేరు వంతెన, అవతల జగ్గయ్యపేట మండలం గరికపాడులో ఆంధ్ర పోలీసులు. ఉగాది సాయంత్రం హైదరాబాద్ నుంచి కాగితాలతో వచ్చినవాళ్లు ఇక్కడ ఆగిపోయారు. తెలంగాణ పోలీసు రాసిన పత్రం వంతెన దాటితే చెల్లలేదు. వెనక్కి పోదామంటే హాస్టలు తాళం వేసి ఉంది. నీళ్లు లేక, తిండి లేక వేలమంది రాత్రంతా రోడ్డు మీదే ఉన్నారు. నార్కట్‌పల్లి నుంచి చీలిన అద్దంకి దారిలో, కృష్ణ దాటే చోట పొందుగుల దగ్గరా ఇదే దృశ్యం. రెండు రాష్ట్రాల మంత్రులు మాట్లాడుకున్నారు. హాస్టళ్లు ఖాళీ చేయించవద్దని తెలంగాణ ఆదేశించింది, పత్రాల జారీ ఆగింది. సరిహద్దుకు అప్పటికే చేరినవాళ్లను 14 రోజుల క్వారంటైన్‌కు ఒప్పుకుంటేనే ఆంధ్రప్రదేశ్ లోపలికి రానిచ్చింది. ఒక ప్రభుత్వం పాసు ఇచ్చేముందు రెండో ప్రభుత్వానికి ఒక్క ఫోను చేసి ఉంటే ఆ రాత్రి జరిగేది కాదు. తప్పు జాగ్రత్త తీసుకోవడంలో లేదు, ఎవరి జాగ్రత్త వారే తీసుకోవడంలో ఉంది.

తర్వాతి నెలల్లో గరికపాడు తనిఖీకి ఒక పద్ధతి ఏర్పడింది. బండి పక్కకు తీసి అందరూ దిగాలి. నుదుటికి థర్మల్ గన్ పెడతారు. టెంటు కింద బల్ల ముందు కూర్చున్న ఉద్యోగి ఆధార్, ఫోను నంబరు, వెళ్లే ఊరు, వార్డు రాసుకుంటారు. స్పందన పోర్టల్‌లో వచ్చిన ఈ-పాసులోని పేరును మనిషితో సరిచూస్తారు. వివరాలు ఊరి వలంటీరుకు చేరతాయి, మర్నాడు ఆశా కార్యకర్త ఇంటికొస్తుంది. అంతర్రాష్ట్ర ప్రయాణానికి విడిగా అనుమతి అక్కర్లేదని కేంద్రం మే 30నే చెప్పినా ఈ ఏర్పాటు కొనసాగింది. జూన్ చివర్లో హైదరాబాద్‌లో మళ్లీ లాక్‌డౌన్ పెడతారన్న మాట రాగానే సామాన్లతో కార్లు ఈ దారికి పోటెత్తాయి. పాసు లేనివాళ్లు వంతెన మొదట్లోనే వెనుదిరిగారు. ఆగస్టు 2 నుంచి దరఖాస్తు చేసిన వెంటనే ఈ-పాసు ఫోనుకే వచ్చేలా మార్చారు. ఆ నెల 22న, రాకపోకలను ఆపవద్దని కేంద్ర హోం కార్యదర్శి రాష్ట్రాలన్నిటికీ మళ్లీ లేఖ రాయవలసి వచ్చింది.

ఈలోగా చెక్‌పోస్టు పని కూడా మారింది. మే మొదటి వారంలో మద్యం షాపులు తెరిచినప్పుడు ఆంధ్రప్రదేశ్ ధరలు 75 శాతం పెంచింది, తెలంగాణ 16 శాతం. వంతెనకు అటూ ఇటూ ఇంత తేడా ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. జ్వరం చూడటానికి పెట్టిన బల్ల దగ్గర డిక్కీలు తెరిపించి సీసాలు వెతకడం మొదలైంది.

బస్సుల కథ ఇంకా విచిత్రం. మార్చి 22న ఆగిన రెండు ఆర్టీసీల అంతర్రాష్ట్ర బస్సులు రైళ్లు నడిచినా, కార్లకు అడ్డు తొలగినా కదల్లేదు. అప్పటికి అడ్డు కోవిడ్ కాదు, కిలోమీటర్ల లెక్క. లాక్‌డౌన్‌కు ముందు ఏపీఎస్ ఆర్టీసీ తెలంగాణలో రోజుకు సుమారు 2.65 లక్షల కిలోమీటర్లు తిప్పేది, తెలంగాణ ఆర్టీసీ ఆంధ్రలో సుమారు 1.52 లక్షలు. సమానం చేస్తేగాని కదలనివ్వమని తెలంగాణ పట్టుబట్టింది. దసరాకు ఊళ్లకు వెళ్లేవాళ్లు సరిహద్దు దాకా ఒక రాష్ట్రం బస్సులో వచ్చి, దిగి, సంచులు మోసుకుని నడిచి అవతలి రాష్ట్రం బస్సెక్కారు. నవంబరు 2న ఒప్పందం కుదిరింది. ఏపీ తన దూరాన్ని 1.61 లక్షలకు కుదించుకుంది, తెలంగాణ దాదాపు అంతకే పెంచుకుంది. ఆ రాత్రే బస్సులు బయలుదేరాయి.

2021 మేలో అడ్డు దిశ మారింది. ఈసారి ఆపింది తెలంగాణ పోలీసులు, ఆగినవి అంబులెన్సులు. రెండో విడత తీవ్రతలో ఆక్సిజన్ పడక కోసం ఆంధ్ర జిల్లాల రోగులు హైదరాబాద్‌కు వస్తుంటే మే 10న రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర, 44వ రహదారి మీద పుల్లూరు దగ్గర వాహనాలను నిలిపివేశారు. ఆసుపత్రిలో పడక ఖాయమైనట్టు ముందుగా అనుమతి తెచ్చుకోవాలని మర్నాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మే 14న తెలంగాణ హైకోర్టు దాని అమలును నిలిపివేసింది. పునర్విభజన చట్టం ప్రకారం అప్పటికి హైదరాబాద్ రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి రాజధాని. మామూలు ప్రయాణికులకు మాత్రం జూన్ 20న తెలంగాణ ఆ ఏటి లాక్‌డౌన్ ఎత్తేసేదాకా తిప్పలు తప్పలేదు.

నందిగామ, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం దాటి రోడ్డు ఇంద్రకీలాద్రి కింద విజయవాడలో ప్రవేశిస్తుంది. ఇక్కడి కనకదుర్గ ఫ్లైఓవర్ ప్రారంభం కేంద్ర మంత్రి గడ్కరీకే కోవిడ్ సోకడంతో వాయిదా పడి, 2020 అక్టోబరు 16న వీడియోలో జరిగింది. బెంజి సర్కిల్ దగ్గర ఈ దారిని చెన్నై, కోల్‌కతా రహదారి ఖండిస్తుంది. 2020 మే ఎండల్లో ఆ రోడ్డు మీద ఒడిశా, బిహార్ వైపు నడిచిపోయిన కూలీలకు నగరవాసులు మజ్జిగ, చెప్పులు ఇచ్చారు. అదే నెల 16న తాడేపల్లి దగ్గర కూలీల మీద పోలీసు లాఠీ కూడా లేచింది.

విజయవాడ నుంచి ఆఖరి 70 కిలోమీటర్లు వరిచేల మధ్య సాగి మచిలీపట్నంలో ముగుస్తాయి. అక్కడ గిలకలదిండి హార్బరు పడవలు మార్చి ఆఖర్లోనే ఒడ్డున కట్టేశారు. అవి తిరిగి కదిలే వీలు రాకముందే ఏప్రిల్ 15 నుంచి ఏటా వచ్చే వేట నిషేధం వచ్చిపడింది. లాక్‌డౌన్‌లో పోయిన రోజులకు బదులుగా కేంద్రం ఆ ఏడు నిషేధాన్ని 61 రోజుల నుంచి 47 రోజులకు తగ్గించింది, రాష్ట్రం మే 6న కుటుంబానికి 10,000 రూపాయల భృతి వేసింది. మే 31తో నిషేధం ముగిసి జూన్ 1న సముద్రంలోకి దారి తెరుచుకుంది. రాష్ట్రాల మధ్య అనుమతులు అక్కర్లేదన్న కేంద్ర ఉత్తర్వు అమల్లోకి వచ్చిందీ ఆ రోజే. గరికపాడులో మాత్రం పాసు అడగడం ఆపలేదు.